మెదీనెత్ హబూ గుడి చుట్టూ ఉన్న ఆ మట్టిగోడల సంగతేంటి?

గోదారిగట్టు
ఈజిప్టులో లక్సర్ వెళ్లొచ్చాం, నేనూ మా ఆవిడా. నైలు నది పడమటి ఒడ్డు అంతా ఒక్కరోజులో చుట్టబెట్టే టూరు. రాజుల లోయ, హత్షెప్సుత్ గుడి, మెమ్నాన్ విగ్రహాలు, చిట్టచివర మెదీనెత్ హబూ. మధ్యలో అలబాస్టర్ బొమ్మల దుకాణంలో టీలు తాగించి కదలనివ్వలేదు. తీరా గుడి దగ్గరికొచ్చాక "గబగబా చూసేయండి, పడవకి టైమవుతోంది" అని తొందర. గుడి చూసి మతిపోయింది, అది వేరే సంగతి. నా గోలేంటంటే, ఆ రాతిగుడి చుట్టూ, ప్రహరీ లోపల ఎటు చూసినా పచ్చి ఇటుక గోడలు. కొన్ని మోకాలెత్తు, కొన్ని మేడంత ఎత్తు. ఒకచోట ఇటుకల సందుల్లో కుండపెంకులు గుప్పెళ్లకొద్దీ ఇరుక్కుని ఉన్నాయి. గైడుని అడిగితే "పాత ఇళ్లు సార్, అందులో ఏం లేదు, ఫొటో ఇటు నుంచి తీసుకోండి" అన్నాడు. ఏం లేకపోతే అంత ఊరు అక్కడెందుకుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

హబ్సిగూడ_పోరడు
గైడ్‌కు కమీషన్ బొమ్మల దుకాణంల ఉంటది గానీ మట్టిగోడల ఏముంటది అన్నా. ఆ ఇటుకలు అమ్మకానికి పెడితే ఆడ కూడ గంట ఆపుతుండె.

బహ్రెయిన్_బాబాయ్
మమ్మల్నీ అలాగే తిప్పారు. మాకు పాపిరస్ బొమ్మల దుకాణం అదనం. మెదీనెత్ హబూ అసలు లిస్టులోనే లేదు, నేను పట్టుబట్టి పెట్టించుకున్నా. వెళ్లేవాళ్లకి ఒక మాట: మేం వెళ్లినప్పుడు టికెట్ గుడి గుమ్మం దగ్గర దొరకలేదు. మెమ్నాన్ విగ్రహాలు దాటాక వచ్చే టికెట్ ఆఫీసులో ముందే తీసుకోవాల్సి వచ్చింది. మా కళ్లముందే ఒక కుటుంబాన్ని వెనక్కి పంపారు, మిట్టమధ్యాహ్నం ఎండలో.

పాతరాళ్లు
గోదారిగట్టు గారూ, ఆ మట్టిగోడలే అసలు కథ. తీరిగ్గా చెబుతా.

రాతిగుడి కట్టించింది మూడో రామెసెస్. ఇరవయ్యో రాజవంశం, పాలన సుమారు క్రీ.పూ. 1186 నుంచి 1155. పోయాక తనకి నిత్యపూజలు జరగాలని బతికుండగానే కట్టించుకున్న గుడి. అయితే ఆ చోటు అతనికంటే పాతది. తూర్పు వాకిలి దాటగానే కుడివైపు ఒక చిన్న గుడి ఉంటుంది, చాలామంది చూడకుండానే ముందుకెళ్లిపోతారు. అది హత్షెప్సుత్, మూడో థుత్‌మోస్ కాలంలో మొదలైంది. సృష్టి మొదట్లో పుట్టిన ఎనిమిదిమంది దేవతలు ఆ నేలలోనే ఉన్నారని వాళ్ల నమ్మకం. అందుకని అవతలి ఒడ్డు నుంచి ఆమున్ దేవుడు పదిరోజులకోసారి ఊరేగింపుగా వచ్చి దర్శనం చేసుకుని వెళ్లేవాడు. పెద్ద గుడిలో పూజలు ఆగిపోయాక కూడా చిన్న గుడి నడిచింది. టాలెమీలు (రోమన్లకి ముందు ఈజిప్టునేలిన గ్రీకు రాజులు), రోమన్లు కూడా దానికి ముందు ద్వారాలూ ఆవరణలూ తగిలిస్తూ పోయారు.

ఇక మట్టి సంగతి. ప్రహరీ కూడా పచ్చి ఇటుకే. కట్టినప్పుడు దాదాపు 18 మీటర్ల ఎత్తు, 10 మీటర్లకు పైగా మందం. లోపల గాదెలు, కొట్లు, ఆఫీసులు, పూజారుల ఇళ్లు, కాపలావాళ్ల ఇళ్లు. శాశ్వతంగా ఉండాల్సిన దేవుడికి రాయి వాడారు, మనుషులుండే దేనికైనా మట్టే. గుడికి దక్షిణాన ఆనుకుని ఉన్న రాజుగారి విడిది కూడా మట్టి ఇటుకతో కట్టిందే.

గోదారిగట్టు
రాజుగారి విడిదా? అది చూపించనేలేదు. ఎక్కడ?

పాతరాళ్లు
మొదటి ఆవరణలో ఎడమచేతి గోడకి మధ్యలో ఒక పెద్ద కిటికీ ఉంటుంది. పండగలకి వచ్చినప్పుడు రాజు అందులో నిలబడి జనానికి కనిపించేవాడు, నచ్చినవాళ్లకి బంగారం బహూకరించేవాడు. కిటికీ కింద రాతిలో శత్రువుల తలకాయలు వరసగా పొడుచుకొచ్చి ఉంటాయి, రాజు వాటిమీద నిలబడినట్టు. ఆ గోడకి అవతల మోకాలెత్తు ఇటుక గోడలున్నదే విడిది. సింహాసనం అరుగు, దానికి మెట్లు, నీళ్లు పోవడానికి రాతి పళ్లెం పరిచిన స్నానాల గది ఇప్పటికీ చూడొచ్చు. తలుపుల చుట్టూ అంటించిన రంగురంగుల పింగాణీ పలకలు మాత్రం కైరోకీ బోస్టన్‌కీ వెళ్లిపోయాయి. నూబియా, లిబియా, సిరియా ఖైదీలు, ఒక్కొక్కడికి వాడి దేశపు బట్ట, వాడి గడ్డం. ఆ పలకల్లో పనితనం చూస్తే గోడమీద రాజు బొమ్మ వెలవెలబోతుంది.

చికాగో_సుబ్బు
ఆ మోకాలెత్తు గోడలన్నీ అప్పటివి కావు. ఊవో హోల్షర్ అనే జర్మన్ ఆర్కిటెక్టు 1926 చివర్నుంచి 1933 దాకా అక్కడ తవ్వాడు, మా చికాగో యూనివర్సిటీ తరఫున, రాక్‌ఫెల్లర్ డబ్బుతో. విడిది పునాదులు బయటపడ్డాక ప్లాను జనానికి అర్థమయ్యేలా గోడల్ని కొంత ఎత్తు లేపించాడు.

సిమెంటు_బస్తా
అది మంచి పనే. పచ్చి ఇటుక పునాదిని అలా ఎండకీ గాలికీ వదిలేస్తే చూస్తుండగానే మాయమవుతుంది. పైన కొత్త వరసలు పేరిస్తే దెబ్బ వాటికి తగులుతుంది, కింద పాతది మిగులుతుంది. నైలు ఒండ్రుమట్టి, కాస్త గడ్డి, ఎండ. అంతే ఆ ఇటుక. కాల్చింది కాదు. దాంతో 18 మీటర్లు లేపారంటే మాటలు కాదు.

శారదా_టీచర్
మీరంతా రామెసెస్ దగ్గరే ఆగిపోయారు. గోదారిగట్టు గారు చూసిన ఎత్తైన గోడలు చాలామటుకు రామెసెస్‌వి కావండీ, రెండువేల ఏళ్ల తర్వాతివి. జేమె అనే కాప్టిక్ క్రైస్తవుల, అంటే ఈజిప్టు క్రైస్తవుల ఊరు. రోమన్ల కాలం నుంచి సుమారు క్రీ.శ. 800 దాకా ఆ ప్రహరీ లోపల ఒక పూర్తి ఊరు బతికింది. గుడి కొట్లలో ఇళ్లు, గుడి కప్పుమీద ఇళ్లు, ప్రహరీ గోడ తొలిచి ఇళ్లు. రెండో ఆవరణ మొత్తం పెద్ద చర్చి. వీధులు, మేడలు, బావులు. పంతొమ్మిదో శతాబ్దంలో దొరలు వచ్చి "అసలు గుడి" కనబడాలని ఆ ఊరిని తట్టల్లోకెత్తి పారబోయించారు. గైడు "ఏం లేదు" అన్నాడంటే ఏం చేస్తాడు పాపం, ఉన్నదంతా ముందే ఎత్తేశారు.

గుంటూరు_ఘాటు
తీయకపోతే గుడి ఎలా కనబడుతుంది మేడమ్? గోడమీది సముద్ర యుద్ధం బొమ్మ చూడ్డానికి పోతారు గానీ ఎనిమిదో శతాబ్దపు వంటింటి గోడ చూడ్డానికి లక్సర్ ఎవడు పోతాడు.

శారదా_టీచర్
నేను పోతాను.

హబ్సిగూడ_పోరడు
టీచరమ్మతోని పెట్టుకోకు అన్నా, బెంచి ఎక్కిస్తది.

పాతరాళ్లు
ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. అందర్నీ ఒకే గాటన కట్టకూడదు. తవ్వించింది 1859 నుంచి మారియెట్ అనే ఫ్రెంచివాడి మనుషులు, తర్వాత 1888 నుంచి దాదాపు పదేళ్లు దారెస్సీ అనే ఇంకో ఫ్రెంచివాడు. రెండో ఆవరణలో చర్చి స్తంభాలు తీయించింది, ఇళ్లు చాలావరకు ఊడ్పించింది వీళ్ల హయాంలోనే. ఏ ఇంట్లో ఏం దొరికిందో దాదాపుగా రాసుకోలేదు. హోల్షర్ వచ్చేసరికి మిగిలిందే తక్కువ. ఆయన ఆ మిగిలిన కాప్టిక్ ఇళ్లకి నంబర్లు వేసి, ప్లాన్లు గీసి, దొరికిన కుండలూ పెంకులూ నమోదు చేశాకే కిందికి తవ్వాడు. ఆ కాలానికి అది చాలా ఎక్కువ. ఇప్పుడు జేమె గురించి ఎవరేం రాసినా ఆ ప్లాన్ల మీదే ఆధారం.

శారదా_టీచర్
హోల్షర్ శ్రద్ధని కాదనను. కానీ కిందికి తవ్వాలంటే పైది పోవాల్సిందే కదా. కాగితం మీద మిగిలింది, నేలమీద పోయింది.

గుంటూరు_ఘాటు
ఒకటి అడుగుతా. ఆ ఊరివాళ్లే కదా రెండో ఆవరణలో ఒసిరిస్ (చనిపోయినవాళ్ల లోకపు దేవుడు) విగ్రహాలు చెక్కేసింది, దేవతల మొహాలు గీకేసింది, స్తంభాలమీద శిలువలు తవ్వింది? వాళ్లు చేస్తే చరిత్ర, దారెస్సీ చేస్తే నేరమా?

నిర్వాహకుడు
మతాల మీదికి పోకండి. గుడి గురించే మాట్లాడుకుందాం.

శారదా_టీచర్
గుడి గురించే చెబుతా. అదే రెండో ఆవరణ కప్పు కిందకి తలెత్తి చూస్తే నీలం, ఎరుపు, పసుపు రంగులు ఇంకా మెరుస్తుంటాయి. చర్చి కట్టినప్పుడు గోడలకి సున్నం పూశారు. ఆ పూత కిందే రంగులు భద్రంగా ఉన్నాయి. చెక్కేసింది వాళ్లే, కాపాడిందీ వాళ్లే.

బహ్రెయిన్_బాబాయ్
రంగుల మాట నిజం. మెడ పట్టేసేదాకా చూశాను.

సిమెంటు_బస్తా
ఇంకోటి. జనం కాపురమున్నారు కాబట్టే ఆ గుడి అంత నిండుగా మిగిలింది అంటాను. నాలుగడుగుల దూరంలో రెండో రామెసెస్ కట్టిన రామెసియం చూడండి, మోడైపోయింది. దాని రాళ్లు విప్పుకొచ్చి మెదీనెత్ హబూ చిన్న గుడి ముందు టాలెమీల కాలపు ద్వారంలో పెట్టారు. కాపలా ఉన్న కట్టడం జోలికి రాళ్ల దొంగ రాడు.

పాతరాళ్లు
కొంతవరకే ఒప్పుకుంటా. రామెసియంలో కూడా తర్వాతి కాలంలో సమాధులు, చర్చి ఉన్నాయి, అది మరీ ఎడారేం కాదు. మెదీనెత్ హబూకి కలిసొచ్చింది కోటలాంటి ప్రహరీ. తూర్పు వాకిలి చూస్తే అది గుడి గోపురంలా ఉండదు, సిరియాలో కోటల వాకిలి ఎలా ఉంటుందో అలా ఉంటుంది, పైన బురుజు పళ్లతో సహా. రామెసెస్ వంశం ఆఖర్లో థీబ్స్‌లో (లక్సర్ పాత పేరు) అల్లర్లు, లిబియా దండుల దాడులు మొదలయ్యేసరికి పడమటి ఒడ్డు జనమంతా ఈ గోడల్లోకే పరుగెత్తారు. డెయిర్ ఎల్ మెదీనాలో రాజుల సమాధులు తొలిచే పనివాళ్లు కూడా ఊరొదిలి ఇక్కడికే మారారు. అక్కణ్నుంచే ఇది ఊరైంది. ఆ గొడవల్లో ఈ కోట కూడా ఒకసారి దెబ్బతింది. పడమటి వాకిలి అప్పుడు కూలిందే, మళ్లీ కట్టలేదు.

తెల్లకాగితం
సమాధులు తొలిచేవాళ్లంటే సమ్మె చేసినవాళ్లేనా? చరిత్రలో మొదటి సమ్మె అని ఎక్కడో చదివాను.

పాతరాళ్లు
వాళ్లే. మూడో రామెసెస్ 29వ పాలనా సంవత్సరం. వాళ్లకి జీతమంటే ధాన్యమే. నెలకి మనిషికి నాలుగు బస్తాల గోధుమ, ఒకటిన్నర బస్తా బార్లీ. వాళ్ల బస్తా మన లెక్కలో 76 లీటర్లు. నెల మొదలై 18 రోజులైనా ధాన్యం రాలేదు. "ఆకలేస్తోంది" అంటూ పని ఆపి, కాపలా గోడలు దాటి వచ్చి మూడో థుత్‌మోస్ గుడి వెనక బైఠాయించారు. మర్నాడు రామెసియం. బట్టల్లేవు, నూనె లేదు, చేపల్లేవు, కూరల్లేవు, ఈ మాట రాజుకి చేరెయ్యండి అని అధికారుల్ని నిలదీశారు. ఇదంతా రాసిపెట్టిన పాపిరస్ (జమ్ము దుబ్బుతో చేసిన కాగితం) ఇప్పుడు ఇటలీలో టురిన్ మ్యూజియంలో ఉంది.

అసలు మంట ఎక్కడంటే, అదే రాజు మెదీనెత్ హబూ దక్షిణపు గోడనిండా ఏ పండక్కి ఎన్ని రొట్టెలు, ఎన్ని కుండల బీరు, ఎన్ని బాతులు నైవేద్యం పెట్టాలో జాబితా చెక్కించాడు. గోడ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా అదే. రొట్టెలు వేలల్లో. దేవుడు ఆరగించాక ప్రసాదం సిబ్బందికి పంచేవాళ్లు, అలా ఆ గుడే ఒక జీతాల ఆఫీసు. రామెసెస్ పోయాక అతని దానధర్మాలన్నీ లెక్కరాసిన పెద్ద పాపిరస్ ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, 40 మీటర్ల పైచిలుకు పొడవు. దాని ప్రకారం ఈ ఒక్క గుడి కింద 60 వేలమందికి పైగా మనుషులు.

హబ్సిగూడ_పోరడు
దేవునికి టైముకు టిఫిను, పనోనికి ఏరియర్స్ పెండింగ్. మూడువేల ఏండ్లయినా గదే కత.

గుంటూరు_ఘాటు
డీఏ బకాయిల ధర్నాకి ఆద్యులు వాళ్లేనన్నమాట. మా యూనియన్ ఆఫీసులో ఆ పాపిరస్ ఫొటో కట్టిస్తా.

చదువరి
ఆ రాజునే కదా గొంతు కోసి చంపారు?

పాతరాళ్లు
అవును. తియె అనే రాణి తన కొడుకు పెంతవెరెని గద్దె ఎక్కించాలని అంతఃపురంలో కుట్ర పన్నింది. విచారణ జరిగిన పాపిరస్ కూడా టురిన్‌లోనే ఉంది. రాజు చచ్చాడా బతికాడా అన్నది చాలాకాలం తేలలేదు. మమ్మీకి సీటీ స్కాన్ తీసి 2012లో ఫలితం చెప్పారు: గొంతు ఎముక దాకా తెగి ఉంది. మెడచుట్టూ గుడ్డలు చుట్టి ఉండడంతో అంతకుముందు ఎవరికీ కనపళ్లేదు.

కానీ నాకు దీనికంటే నచ్చే సంగతి ఒకటుంది. గుడి వెనక, పడమటి వాకిలికి దగ్గర్లో నాలుగు సన్నటి స్తంభాలు నిలబడి ఉంటాయి, చుట్టూ మట్టిగోడ. అది బుతెహామున్ ఇల్లు. సమాధుల శాఖలో రాతగాడు, క్రీ.పూ. 1070 ప్రాంతం. డెయిర్ ఎల్ మెదీనా నుంచి ఇక్కడికి మారిన కుటుంబమే. వాళ్ల నాన్న ధుత్‌మోసె సైన్యంతో నూబియాకి వెళ్లి అక్కణ్నుంచి ఇంటికి రాసిన ఉత్తరాలు దొరికాయి. ఒంట్లో బాలేదు, పిల్లల్ని చూసుకో, నాకోసం ఆమున్‌కి మొక్కుకో. మన నాన్నలు రాసినట్టే ఉంటాయి. అదే సైన్యం నుంచి పియాంఖ్ అనే సేనాపతి ఇలా రాశాడని చెప్పే ఇంకో ఉత్తరముంది: పాతవాళ్ల సమాధుల్లో ఒకదాన్ని తెరవండి, నేనొచ్చేదాకా ముద్ర అలాగే ఉంచండి అని.

తెల్లకాగితం
అంటే దొంగతనం ప్రభుత్వమే చేయించిందా!

పాతరాళ్లు
ఖజానా ఖాళీ, యుద్ధం ఖర్చు. ఆ రోజుల్లో రాజుల మమ్మీలు చాలావాటిని విప్పి, బంగారం తీసి, మళ్లీ కొత్త గుడ్డలు చుట్టి దాచారు. మూడో రామెసెస్ మమ్మీకి మళ్లీ గుడ్డలు చుట్టిన రోజు, ఆ పని చేసినవాళ్ల పేర్లు గుడ్డమీదే సిరాతో రాసి ఉన్నాయి. అందులో ఒకడు ఈ బుతెహామునే. ఏ రాజు కట్టించిన గుడి ఆవరణలో కాపురముంటున్నాడో ఆ రాజు శవానికే చుట్టాడు. ఆ మమ్మీ 1881లో దెయిర్ ఎల్ బహరి కొండ సందులో మిగతా రాజులతోపాటు దొరికింది. 2021 ఏప్రిల్‌లో కైరోలో ఊరేగింపు చేసి కొత్త మ్యూజియానికి తీసుకెళ్లిన మమ్మీల్లో ఇదీ ఉంది.

గోదారిగట్టు
ఆ నాలుగు స్తంభాలు నా ఫొటోలో ఉన్నాయి! మా ఆవిడ వాటి నీడలో కూర్చుని నీళ్లు తాగింది. ఎవడిదో పాత మండపం అనుకున్నాం.

కంకిపాడు_రైతుబిడ్డ
శారదా టీచర్ గారూ, తట్టల్లో పోసింది దొరలొక్కరే కాదు. అక్కడి రైతులు కూడా. మా తాతగారి రోజుల్లో పాటిదిబ్బలు తవ్వి ఆ మట్టి బండ్లమీద పొలానికి తోలేవారు. మనుషులూ గొడ్లూ వందల ఏళ్లున్న నేల కదా, ఆ పాటిమన్ను వేస్తే పంట ఎరువేసినట్టు వచ్చేది. దిబ్బలో పాత ఇటుకలు, పూసలు, నాణేలు పడితే పిల్లలం ఏరుకునేవాళ్లం. ఈజిప్టులో కూడా అచ్చం అదే జరిగిందట, దాన్ని సెబాఖ్ అంటారు.

పాతరాళ్లు
సరిగ్గా పట్టుకున్నారు. ఈజిప్టులో మట్టి ఊళ్లు ఎక్కువగా పోయింది సెబాఖ్ తవ్వకాల వల్లే. పంతొమ్మిదో శతాబ్దంలో పత్తి సాగు పెరిగాక ఎరువు గిరాకీ పెరిగింది, కొన్నిచోట్ల మట్టి తోలడానికి చిన్న రైలు పట్టాలు కూడా వేశారు. 1887లో అమర్నా మట్టి పలకలు దొరికింది కూడా సెబాఖ్ తవ్వుతుంటేనే. మెదీనెత్ హబూలో విడిది గోడలు చాలావరకు పొలాలకి పోయాయి, పైన చెప్పిన పింగాణీ పలకలు కొన్ని అలా బయటపడ్డవే.

గుంటూరు_ఘాటు
చూశారా మేడమ్, రైతులు తోలుకుపోయేలోపు దారెస్సీ ఏదో ఒకటి తేల్చాడు.

శారదా_టీచర్
తేల్చలేదు, తోలాడు. రైతు కనీసం పంట పండించాడు.

చికాగో_సుబ్బు
😀 ఇది టీచర్ గారికే.

మా ఊరివాళ్ల పని గురించి కాస్త చెప్పనివ్వండి. 1924 నుంచి ఇవాళ్టిదాకా చికాగో హౌస్ అని లక్సర్‌లో ఒక బృందం ఉంది. వాళ్ల పనల్లా గోడమీద ఉన్నది ఉన్నట్టు కాగితంమీదికి ఎక్కించడం. డిజిటల్ రాకముందు పద్ధతి ఇదీ: ముందు గోడని పెద్ద కెమెరాతో ఫొటో తీసేవారు. ఆ ఫొటో పెద్దది చేసి, చిత్రకారుడు నిచ్చెనెక్కి గోడ ముందే కూర్చుని ఫొటో మీదే పెన్సిల్‌తో గీతలు గీసేవాడు. తర్వాత సిరా. అప్పుడు ఫొటోని రసాయనంలో కడిగేస్తే కింది బొమ్మ పోయి గీతలే మిగిలేవి. ఆ గీతలకి బ్లూప్రింట్ తీసి, ముక్కలు కోసి, ఒక్కో ముక్క కాగితానికి అంటించి ఇద్దరు లిపి నిపుణులు విడివిడిగా గోడతో పోల్చి తప్పులు రాసేవారు. చిత్రకారుడు ఒప్పుకుంటే దిద్దేవాడు, లేకపోతే ముగ్గురూ గోడ ముందు వాదించుకునేవారు. ఆఖర్న డైరెక్టరు చూసేవాడు. మెదీనెత్ హబూ మొదటి సంపుటం 1930లో వచ్చింది, ఎనిమిదోది 1970లో, చిన్న గుడి మీద తొమ్మిదోది 2009లో. అన్నీ ఉచితంగా దించుకోవచ్చు.

సిమెంటు_బస్తా
ఎందుకంత తాపత్రయం అంటే, గోడ అరిగిపోతోంది కాబట్టి. ఆస్వాన్ ఆనకట్ట వచ్చాక వరద ఆగింది, ఏడాది పొడవునా కాలవ నీళ్లు వచ్చాయి, చెరకు వేశారు. భూగర్భజలం పైకి లేచింది. ఇసుకరాయి ఆ నీటిని వత్తిలా పీల్చుకుంటుంది, నీరు ఆవిరయ్యాక లోపల ఉప్పు మిగిలి పొరలు పొరలుగా ఊడుతుంది. నేను పంపుల కంపెనీలో పనిచేస్తూ ఒడిశాలో ఒక గుడికి ఇదే చికిత్స చూశాను, చుట్టూ కాలవ తవ్వి నీళ్లు తోడడమే. అక్కడ అమెరికా సాయంతో గుడుల చుట్టూ పెద్ద ఎత్తున చేశారు. గోడలడుగున తెల్లగా బూజులా ఉంటుంది చూశారా, అది బూజు కాదు, ఉప్పు.

బహ్రెయిన్_బాబాయ్
అందుకేనేమో కింది వరసలు నున్నగా చెరిగిపోయి, పైన మాత్రం వేళ్లు మునిగేంత లోతుగా చెక్కడం. ఆ లోతు చెక్కుడుల్లో పిచ్చుకలు గూళ్లు పెట్టాయి. మూడో రామెసెస్ పేరులో కాపురం.

గుంటూరు_ఘాటు
లోతుగా ఎందుకు చెక్కించాడంటే, తర్వాత వచ్చే రాజు చెరిపి తన పేరు పెట్టుకోకుండా. తాతలు చేసింది చూశాడు కదా.

పాతరాళ్లు
అలా అంటుంటారు. దానికి పక్కనే సాక్ష్యముంది. ఉత్తరాన ఆనుకునే, టుటన్‌ఖామున్ తర్వాత రాజైన ఆయ్ కట్టిన గుడి ఒకటి ఉండేది, ఇప్పుడు నేలమట్టం. ఆయ్ పేరు చెరిపి తర్వాతి రాజు హోరెమ్‌హెబ్ తన పేరు వేయించుకున్నాడు. అక్కడి పెద్ద విగ్రహాలు అసలు టుటన్‌ఖామున్‌వి.

చికాగో_సుబ్బు
అందులో ఒకటి మా దగ్గరుంది! 1930లో హోల్షర్ బృందానికి రెండు దొరికితే ఒకటి కైరో, ఒకటి చికాగో. 5 మీటర్లకు పైనే ఎత్తు. ఇండియా నుంచి ఎవరొచ్చినా తీసుకెళ్లి చూపిస్తా. బెల్టుమీద హోరెమ్‌హెబ్ పేరు, మొహం మాత్రం కుర్రాడిది.

హబ్సిగూడ_పోరడు
మనకు గూడ ఉంది. పబ్లిక్ గార్డెన్స్ స్టేట్ మ్యూజియంల మమ్మీ. చిన్నప్పుడు స్కూల్ నుంచి తీస్కపోతే రెండు రోజులు అన్నం తినలె.

చదువరి
2021లో "బంగారు నగరం దొరికింది" అని టీవీల్లో ఊదరగొట్టారు. అది ఇక్కడే కదా? బంగారం ఉందా?

పాతరాళ్లు
మెదీనెత్ హబూకీ మెమ్నాన్ విగ్రహాలున్న గుడికీ మధ్యన. బంగారం లేదు, అది పేరు మాత్రమే. మూడో అమెన్‌హోటెప్ కాలపు ఊరు, అంటే రామెసెస్ గుడికి దాదాపు రెండొందల ఏళ్ల ముందుది. టుటన్‌ఖామున్ గుడి కోసం వెతుకుతూ 2020 సెప్టెంబరులో తవ్వితే ఇది బయటపడింది. పెద్ద పొయ్యిలున్న రొట్టెల వంటశాల, ఇటుకల తయారీ చోటు, పాములా మెలికలు తిరిగిన ప్రహరీ. నాకు నచ్చింది ఒక మాంసం జాడీ. దానిమీద 37వ సంవత్సరం, మూడో జూబిలీ పండగ, కసాయి లువి తయారీ అని రాసుంది. రాజు పేరు అందరూ చెక్కిస్తారు, కసాయి పేరు మట్టి ఊళ్లోనే దొరుకుతుంది.

శారదా_టీచర్
చూశారా, అదే ఎనిమిదో శతాబ్దపు మట్టి అయితే తట్టల్లోకి, అమెన్‌హోటెప్ మట్టి అయితే ప్రపంచ వార్త.

గుంటూరు_ఘాటు
సరే టీచర్ గారూ, జేమెలో అంతగా ఏముందో చెప్పండి. ఒప్పించండి చూద్దాం.

శారదా_టీచర్
మనుషులున్నారు. ఒసిరిస్ కోసం రాయి దొరుకుతుంది గానీ ఒక మామూలు ఊరి జనం పేర్లతో సహా దొరకడం అరుదు. కాప్టిక్ భాషలో పాపిరస్‌లు, కుండపెంకులు వందల్లో దొరికాయి. గోదారిగట్టు గారు చూసిన పెంకుల్లాంటివే, ఆ రోజుల్లో చిల్లర కాగితం అదే. అప్పు చీటీ, పన్ను రసీదు, ఉత్తరం, అన్నీ పెంకుమీదే. కొలోజె అని వడ్డీవ్యాపారం చేసుకునే ఆవిడ ఉండేది, ఆవిడ కుటుంబపు చీటీలు వాళ్లింట్లోనే దొరికాయి. ఊరిపెద్దని లషానె అనేవాళ్లు, పన్ను వసూళ్లూ తగువులూ ఆయన ముందే. పైన అరబ్బుల పాలన, కింద ఊరి వ్యవహారమంతా కాప్టిక్‌లో.

మనసు పిండేవి ఇంకో రకం కాగితాలు. బిడ్డకి జబ్బు చేస్తే తల్లిదండ్రులు ఫోయిబమ్మోన్ మఠానికి మొక్కుకునేవాళ్లు, బతికితే నీకే ఇస్తామని. బతికాక ఆ పిల్లవాణ్ని మఠానికి జీవితాంతం పనికి రాసిచ్చేవాళ్లు. ఎనిమిదో శతాబ్దపువి అలాంటి దస్తావేజులు 20కి పైగా ఉన్నాయి. ఆ మఠం ఎక్కడుందో తెలుసా? హత్షెప్సుత్ గుడి నెత్తిన. దాన్నీ ఊడ్చేశారు. ఇవాళ టూరిస్టులు ఫొటో దిగే ఆ శుభ్రమైన మెట్ల గుడి అలా వచ్చిందే.

గుంటూరు_ఘాటు
పిల్లల కాగితాల సంగతి తెలీదు. అది మటుకు ఆలోచించాల్సిందే. అయినా గుడి కనబడాల్సిందే అంటాను.

బహ్రెయిన్_బాబాయ్
పడమటి చివర ప్రహరీమీద కొంత ఊరు ఇంకా నిలబడే ఉంది. సాయంత్రం పూట వెళ్లండి, టూరు బస్సులు పోయాక. కావలివాడు బక్షీష్ అడుగుతాడు, ఇచ్చేయండి.

దస్తావేజు
ఈ మధ్యే చేరాను, మొత్తం చదివాను. నేను దస్తావేజు లేఖరిని, ముప్ఫై ఏళ్లుగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు చెట్టుకింద బల్ల. టీచర్ గారూ, ఆ జేమెవాళ్ల ఇళ్ల క్రయ దస్తావేజులున్నాయా? చెక్కుబందీ రాసేవారా?

శారదా_టీచర్
ఉన్నాయండీ, బోలెడు. దక్షిణాన ఫలానావాడి ఇల్లు, ఉత్తరాన ఫలానావాడి గోడ, తూర్పున వీధి అని నాలుగు హద్దులూ రాస్తారు. మెట్లదారిలో వాటా, మేడమీద గదిలో సగం, ఇలా అన్నదమ్ముల పంపకాలు కూడా. అమ్మినవాడు గానీ వాళ్ల వారసులు గానీ మళ్లీ పేచీ పెడితే జరిమానా ఇంత బంగారం అని చివర్లో షరతు.

దస్తావేజు
అచ్చం మాదే. సాక్షులు? చదువురానివాడు ఎలా సంతకం పెట్టేవాడు?

పాతరాళ్లు
మూడు శిలువ గుర్తులు గీసేవాడు. పక్కన వాడి పేరు లేఖరి రాసి, "రాయడం రాదు గనక అతని తరఫున నేను రాశాను" అని తన పేరు పెట్టేవాడు.

దస్తావేజు
నిశానీ! మా దగ్గర ఇంటూ గుర్తు పెట్టించి పక్కన "ఫలానావారి నిశానీ" అని రాసేవాళ్లం, ఇప్పుడంటే వేలిముద్ర యంత్రాలొచ్చాయి గానీ. లేఖరికి రుసుము ఎంతిచ్చేవారో ఎక్కడైనా ఉందా?

హబ్సిగూడ_పోరడు
ఎంతిచ్చినా రసీదు మాత్రం ఇయ్యకపోవు అన్నా, మీ వాళ్లే గద.